భ్రమరాంబ గారు విన్న నొప్పి

ఈ ఉదయం ఫిలింనగర్‌లో మా డబ్బింగ్ థియేటర్ తలుపు తోసేసరికి అతిమధురం వాసన తగిలింది. కొత్తగా చేరిన అమ్మాయికి గొంతు బాగుంటుందని ఎవరో చెప్పారట. ఆ వేరు ముక్కలు వేసి కాచిన నీళ్ళు ఫ్లాస్కులో తెచ్చుకుని, మూత తీసి చల్లార్చుకుంటోంది. ఏసీ చలి, గోడలకు కొట్టిన మెత్తటి గుడ్డ వాసన, వాటి మధ్య ఆ తియ్యటి ఘాటు. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఎదురుగా సౌండ్ ఇంజనీర్ పక్క కుర్చీలో భ్రమరాంబ గారు కూర్చుని, బుగ్గన అతిమధురం ముక్క పెట్టుకుని, ఎవరినో కేకలేస్తున్నట్టే అనిపించింది.

మీరు ఆవిడను చూసి ఉండరు. మా వృత్తిలో మనుషులను ఎవరూ చూడరు. కానీ గొంతు మాత్రం తప్పకుండా విని ఉంటారు. ఎందరో కథానాయికలకు, వాళ్ళకన్నా ఎక్కువమంది వదినలకు, అత్తలకు, ఒక సినిమాలో అయితే మాట్లాడే చిలుకకు కూడా ఆవిడే గొంతు ఇచ్చారు. నేను వచ్చేసరికి ఆవిడ మైకు ముందు నిలబడటం తగ్గించి, ఏ పాత్రకు ఎవరి గొంతు నప్పుతుందో చూసి దగ్గరుండి చెప్పించే పని చేస్తున్నారు. తెనాలి మనిషి. బాగా పొట్టి. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనేవి కావు. అందుకని ఆవిడ కోసం కుర్చీ కింద ఎప్పుడూ ఒక చెక్కపీట ఉండేది. కోపం వస్తే పీట దిగి నిలబడేవారు. అప్పుడు ఇంకా పొట్టిగా కనిపించేవారు. అయినా మాకు నవ్వు వచ్చేది కాదు.

నాది జనగామ దగ్గర పల్లె. నాన్న బస్సు కండక్టర్. డిగ్రీ అయ్యాక మధురానగర్‌లో ఆడపిల్లల హాస్టల్లో ఉంటూ, తెలిసినవాళ్ళ ద్వారా గొంతు పరీక్షకు వెళ్ళాను. కాగితం మీద "ఎప్పుడొచ్చావు నువ్వు?" అని ఉంటే, కంగారులో "ఎప్పుడొచ్చినవు నువ్వు?" అని చదివాను. గాజు అద్దం అవతల ఇద్దరు ముగ్గురు నవ్వారు. భ్రమరాంబ గారు పీట దిగారు.

"నవ్వింది చాలు. ఆ అమ్మాయి తప్పు చదవలేదు, వాళ్ళమ్మ భాషలో చదివింది" అన్నారు. తర్వాత మైకులో నాతో, "ఇదిగో అమ్మాయ్, మైకు ముందు పాత్ర భాష. మైకు దిగాక మీ అమ్మ భాష. రెండూ ఉంచుకో. ఒకటి నేర్చుకోవడానికి ఇంకోటి పారేయక్కర్లేదు. ఇప్పుడు మళ్ళీ చదువు" అన్నారు. నాకు పని దొరికింది. మొదట్లో గుంపు గొంతులు, కాలేజీ అమ్మాయిల కేరింతలు, ఆ తర్వాత కథానాయిక స్నేహితురాళ్ళు.

చేరిన ఏడాదికి అనుకుంటాను, ఒక పొద్దున ఏదో సినిమాకు చెబుతున్నాను. పెద్ద డైలాగేమీ కాదు. రెండుసార్లు చెప్పాక భ్రమరాంబ గారు రికార్డింగ్ ఆపించారు. "మంజులా, వాక్యం చివర ఊపిరి మింగేస్తున్నావేంటి? నీకది అలవాటు లేదే. బయటికి రా" అన్నారు. వెళ్ళి, పక్కన ఉన్న ఇంజనీర్ కిరణ్‌కు వినపడకుండా ఆవిడ చెవి దగ్గర వంగి చెప్పాను.

"ఏం లేదు మేడమ్. జర కడుపుల నొస్తుంది. గా... ఆడోళ్ళ ప్రాబ్లమే."

"ఏ పక్క?"

"ఎడమ దిక్కు. కింద."

"నెలసరా?"

"కాదు మేడమ్. గదైపోయి చాన రోజులైంది. కొన్ని దినాల సంది గిట్లనే బరువుగ ఉంటుంది. గోలీ ఏసుకుంటే తగ్గుతుంది, మల్ల వస్తుంది."

"ఎవరికి చెప్పావ్?"

"మీకే."

"నేను డాక్టర్నా? నాకు చెబితే తగ్గుతుందా? పద."

ఆవిడ పాత కారులో బంజారా హిల్స్ వైపు వెళ్తుంటే అమ్మ ఫోన్ చేసింది. దాచలేక చెప్పేశాను. అమ్మ గొంతు ఒక్కసారిగా పడిపోయింది. "పెండ్లి గాని పిల్లవు, నీకు గా ఆడోళ్ళ డాక్టర్ తోటి ఏం పనే? ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు? శొంఠి కాఫీ తాగి పండుకో, తగ్గుతది." ఫోన్ స్పీకర్లో ఉంది. భ్రమరాంబ గారు కారు పక్కకు తీసి ఆపి, ఫోన్ అందుకున్నారు. "అమ్మా, నమస్కారమండీ. మీ అమ్మాయి పనిచేసే చోట నేను పెద్దదాన్ని. అండాశయాలు పెళ్ళయ్యాక మొలవవండీ, పుట్టుకతోనే ఉంటాయి. పంటి నొప్పి వస్తే పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళమా? ఇదీ అంతే. చూపించుకుని, ఏం చెప్పారో మీకు నేనే ఫోన్ చేసి చెబుతాను. మీరు భోంచేయండి." అవతల అమ్మ, "మీరు ఎంబడి ఉన్నరా? అయితే మంచిది" అంది.

స్కాన్ కోసం కడుపు నిండా నీళ్ళు తాగి కూర్చోవాలన్నారు. మూత్రసంచి నిండితేనే పైనుంచి తీసే స్కాన్‌లో అండాశయాలు బాగా కనబడతాయట. సీసాల కొద్దీ తాగి, వంతు కోసం కాళ్ళు బిగబట్టుకుని కూర్చుంటే, ఆవిడ చిలుకకు డబ్బింగ్ చెప్పిన కథ మొదలుపెట్టారు. చిలుక గొంతులో అత్తగారిని తిట్టే డైలాగు అక్కడే చెప్పి చూపించారు. "మేడమ్, దండం పెడతా, నవ్వియ్యకుండ్రి, ఆగేటట్టు లేదు" అని బతిమాలుకున్నాను. మా ఎదురుగా నా లాగే నీళ్ళు తాగి కూర్చున్న ఒక గర్భిణి లేచి దూరంగా వెళ్ళి కూర్చుంది.

డాక్టర్ సుభద్ర గారు స్కాన్ బొమ్మ మా ముందు పెట్టి చూపించారు. ఎడమ అండాశయం మీద నల్లగా గుండ్రంగా ఒకటి. పెద్ద నిమ్మకాయంత ఉందన్నారు. మా హాస్టల్లో సగంమంది ఆడపిల్లలకు "నీటి బుడగలు" ఉన్నాయనీ, దానివల్లే లావైపోతామనీ, పిల్లలు పుట్టరనీ రోజూ వినే మాటలన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

"పీసీఓడీనా డాక్టర్?" అని అడిగాను.

"కాదు. అందరూ రెండిటినీ కలిపేస్తారు. అది హార్మోన్ల తేడా వల్ల వచ్చేది, దాని కథ వేరు. నీకున్నది ఒకే ఒక్క నీటి తిత్తి. ప్రతి నెలా అండం తయారయ్యేటప్పుడు అండాశయం మీద ఒక చిన్న సంచి ఏర్పడుతుంది. అండం విడుదలయ్యాక అది పోవాలి. ఒక్కోసారి పోకుండా నీళ్ళతో నిండి పెరుగుతుంది. నెలసరి వచ్చే వయసు ఆడవాళ్ళలో ఇది చాలా మామూలు. చాలామందికి వచ్చిందనీ తెలియదు, పోయిందనీ తెలియదు."

"క్యాన్సరా?" ఆ మాట నా నోట్లోంచి గాలిలాగా వచ్చింది.

"నీ వయసులో, ఇలా పల్చటి గోడ ఉండి లోపల ఉత్త నీళ్ళే కనిపిస్తే ఆ భయం చాలా తక్కువ. ఎక్కువ భాగం రెండు మూడు నెలల్లో వాటంతటవే తగ్గిపోతాయి. కానీ తగ్గిందని మనం అనుకుంటే సరిపోదు, చూడాలి. నెలన్నర ఆగి మళ్ళీ రా. నొప్పి లేకపోయినా రా. ఈలోగా హఠాత్తుగా ఒక పక్క భరించలేని నొప్పి వచ్చినా, దాంతోపాటు వాంతులైనా, జ్వరం వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయేలా ఉన్నా నా అపాయింట్‌మెంట్ కోసం చూడకు. తిన్నగా ఎమర్జెన్సీకి వెళ్ళిపో."

తిరిగి వస్తుంటే కారులో భ్రమరాంబ గారు, "ఇప్పుడు చెప్పు, నీకు ఎక్కడ ఏముంది?" అని అడిగారు. నేను గొణిగాను. "గట్టిగా చెప్పు. కారులో మనిద్దరమేగా." "అండాసయంల..." "శ. శంఖంలో శ. నాలుక పైకి ఎత్తి పలుకు." జూబ్లీ హిల్స్ ఎత్తు ఎక్కి దిగేదాకా నాచేత "అండాశయం" అని చెప్పించారు. ఓ సిగ్నల్ దగ్గర కిటికీ దించి ఉన్న సంగతి ఇద్దరమూ మరచిపోయాం. పక్కన బండి మీదున్న అబ్బాయి మా వైపు చూసి, చప్పున తల తిప్పుకున్నాడు. ఆవిడ పడీపడీ నవ్వి, "పేరు పెట్టి చెప్పలేని నొప్పిని డాక్టర్‌కు ఎలా చెబుతావే? కిందా, లోపలా, ఆ ప్రాబ్లమూ అంటే ఆవిడకేం అర్థమవుతుంది?" అన్నారు.

కొద్ది రోజులకే నొప్పి పూర్తిగా పోయింది. సరిగ్గా అప్పుడే నాకు మొదటిసారి కథానాయికకు చెప్పే అవకాశం వచ్చింది. రెండో స్కాన్ రోజునే ఆ సినిమా పని పడింది. నొప్పి లేదు కదా, వచ్చే నెల వెళ్తానులే అనుకున్నాను. ఆ మాట పైకి అన్నానో లేదో, భ్రమరాంబ గారు నిర్మాత ఆఫీసుకు ఫోన్ చేసి పని మర్నాటికి జరిపించేశారు. "కథానాయిక తెరమీద ఎక్కడికీ పారిపోదు, రేపు కూడా అక్కడే ఉంటుంది" అని వాళ్ళతో అనడం నేను విన్నాను.

స్కాన్‌లో తిత్తి తగ్గలేదు. పెరిగింది. బత్తాయంత అయింది. సుభద్ర గారు ఈసారి కాస్త ఆలోచించి, "ఇంత పెద్దదైతే అండాశయం బరువెక్కి తన మీద తానే మెలి తిరిగే ప్రమాదం ఉంది. అలా తిరిగితే దానికి రక్తం అందదు. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి తిత్తిని మాత్రం తీసేద్దాం. రెండు వారాల్లో చేయించుకో" అన్నారు. రక్తపరీక్షలు రాసిచ్చారు. హఠాత్తుగా వచ్చే నొప్పి గురించి మళ్ళీ చెప్పారు. నేను తలూపాను. కానీ నా ధ్యాసంతా సినిమా మీదే ఉంది.

ఆపరేషన్‌కు ఇంకా వారం ఉండగా, ఆ సినిమాలో కథానాయిక పురిటి నొప్పులు పడే ఘట్టం వచ్చింది. పొద్దున్న నుంచీ ఎడమ పక్క ఏదో పట్టేసినట్టుగా ఉంది. వస్తోంది, పోతోంది. ఈ ఘట్టం గురించిన కంగారే అనుకున్నాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర చూస్తూ నిలబడ్డాను. తెరమీద ఆ అమ్మాయి మంచం కోడు పట్టుకుని నోరు తెరిచింది. నేను అరిచాను. సరిగ్గా ఆ క్షణాన కడుపులో ఎవరో గుడ్డ పిండినట్టయింది. అరుపు నా చేతుల్లో లేకుండా పోయింది. హెడ్‌ఫోన్లలో కిరణ్ గొంతు ఉత్సాహంగా వినపడింది: "అదిరింది! ఒక్క టేకులో ఓకే మేడమ్!"

ఆ వెనకే భ్రమరాంబ గారి గొంతు. "ఏం ఓకే? తెరమీద పిల్ల నోరు మూసేసింది చూడు. అది ఆపేసినా ఇది అరుస్తూనే ఉంది. ఇది పాత్ర అరుపు కాదు, మంజులది. తలుపు తియ్యి!"

నేను మైకు స్టాండు పట్టుకుని కూలబడిపోయాను. వాంతి అయింది. ఆవిడ పీట మీంచి ఎలా దిగారో, ఎప్పుడు వచ్చారో తెలియదు. చెప్పులు కూడా లేకుండా నా పక్కన నేల మీద కూర్చుని ఉన్నారు. "అపాయింట్‌మెంట్ వద్దు, ఎమర్జెన్సీకి అంది కదా సుభద్ర. కిరణ్, కారు నువ్వు నడుపు" అన్నారు. దారిలో నేను, "టేకు పాడైంది మేడమ్" అన్నానట. నాకు గుర్తులేదు. ఆవిడ మాత్రం ఆ మాట చాలాకాలం అందరికీ చెప్పి నవ్వించారు.

అండాశయం నిజంగానే మెలి తిరిగింది. వెంటనే ఆపరేషన్ చేసి, మెలిక విప్పి, తిత్తి తీసేశారు. ఆలస్యం కాకుండా రావడం వల్ల అండాశయం నిలబడిందని సుభద్ర గారు చెప్పారు. ఇంకొన్ని గంటలు గోలీ వేసుకుని పడుకుని ఉంటే తీసేయాల్సి వచ్చేదేమో అన్నారు.

జనగామ నుంచి బస్సు దిగి అమ్మ పరుగున వచ్చింది. నన్ను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, మంచం పక్కనున్న భ్రమరాంబ గారిని అడిగింది. "గర్భసంచి తీసేసిన్రా అమ్మా?"

"దాని జోలికే పోలేదండీ. అండాశయం కూడా ఉంది. నీటి సంచి ఒక్కటి తీశారు. పిల్ల పెళ్ళికీ, పిల్లలకూ దీనివల్ల ఏ అడ్డూ లేదని డాక్టర్ చెప్పారు. మీరూ అడగండి, మీకూ చెబుతారు."

అమ్మ కూర్చుంది. కాసేపటికి మెల్లగా, "చుట్టాలకు ఏం చెప్పాలె? అపెండిక్స్ ఆపరేషన్ అయిందని చెప్తం, గదే మంచిగుంటది" అంది.

"అపెండిక్స్ ఏం పాపం చేసిందండీ, దాని మీద నింద వేయడానికి?" అన్నారు భ్రమరాంబ గారు ఎంతో బాధగా. అమ్మ ఒక్క నిమిషం ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. నేను కుట్లు పట్టుకుని, నవ్వొద్దని వాళ్ళను తిట్టాను. తర్వాత మా ఊళ్ళో అమ్మ అసలు సంగతే చెప్పింది. చెప్పాక, మా చిన్నమ్మ ఎప్పట్నుంచో దాచుకున్న కడుపునొప్పి గురించి అమ్మ దగ్గర నోరు విప్పి, డాక్టర్ దగ్గరికి వెళ్ళిందట.

నా ఆ అరుపు బాగుందనీ, సినిమాలో అదే ఉంచుదామనీ దర్శకుడు అడిగాడు. భ్రమరాంబ గారు ఒప్పుకోలేదు. "ఆ పిల్ల అరిచింది సినిమా కోసం కాదు" అని, తానే మైకు ముందు నిలబడి అరిచారు. పాతికేళ్ళ కథానాయికకు దాదాపు అరవై ఏళ్ళ ఆవిడ అరుపు. సినిమా వచ్చాక అందరూ నన్నే మెచ్చుకున్నారు. కాదని చెబితే ఎవరూ నమ్మలేదు.

తర్వాత చాలా ఏళ్ళకు ఆవిడ పని మానేసి, మధురానగర్‌లో చిన్న ఫ్లాటులో ఉండేవారు. పెళ్ళి చేసుకోలేదు. నేను ఆదివారాలు టిఫిన్ తీసుకుని వెళ్ళేదాన్ని. పెసరట్టంటే ప్రాణం ఆవిడకు. అలాంటిది సగం తిని పక్కన పెట్టడం మొదలుపెట్టారు. "నాలుగు ముక్కలు తినేసరికి కడుపు నిండిపోతోందే" అనేవారు. మనిషి చిక్కుతూ ఉంటే పొట్ట మాత్రం ముందుకు వచ్చింది. మాటిమాటికీ బాత్రూమ్‌కు లేచేవారు.

"ఎన్ని దినాల సంది గిట్లుంది మేడమ్?"

"వయసమ్మా. ఈ వయసులో పొట్ట రాకపోతే ఇంకెప్పుడొస్తుంది?"

నేను ఒప్పుకోలేదు. సుభద్ర గారి దగ్గరికి తీసుకెళ్ళాను. అండాశయం మీద పెద్ద తిత్తి. డాక్టర్ ఈసారి నెలన్నర ఆగుదాం అనలేదు. నెలసరి ఆగిపోయిన వయసులో ఇలాంటివి తేలిగ్గా తీసుకోకూడదనీ, చాలావరకు ప్రమాదం లేనివే అయినా తేల్చుకోవాల్సిందేననీ చెప్పి, రక్తపరీక్ష, ఇంకో స్కాన్ చేయించారు. తిత్తితోపాటు అండాశయాలు కూడా తీసి పరీక్షకు పంపుదామన్నారు.

ఆపరేషన్ రోజు పొద్దున నేనే కారు నడిపాను. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర బండ్లు ఆగిపోయి ఉన్నాయి. భ్రమరాంబ గారు చాలాసేపు కిటికీలోంచి చూసి, "మంజులా, భయంగా ఉందే" అన్నారు. ఆవిడ నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు నేను. "పోనీ ఇంకో నాలుగు రోజులు ఆగుదామా మేడమ్?" అన్నాను.

ఆవిడ నా వైపు తిరిగారు. పీట దిగినప్పటి ముఖం.

"భయంగా ఉంది అన్నాను. రానన్నానా? కారు ముందుకు పోనీ."

అది క్యాన్సర్ కాదని రిపోర్టు వచ్చింది. సుభద్ర గారు చెబుతుంటే ఆవిడ పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. ఏళ్ళ తరబడి వందల గొంతులు పలికిన మనిషికి తన గొంతు దొరకడానికి కాస్త సమయం పట్టింది. దొరికాక, "ఎంత బాగా చెప్పారండీ! ఇంకొక్కసారి చెప్పండి" అన్నారు. డాక్టర్ నవ్వి మళ్ళీ చెప్పారు. ఇప్పుడు ఆవిడ తెనాలిలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. పెసరట్లు రెండు తింటున్నానని ఫోన్‌లో చెబుతూ ఉంటారు. నేను ఏ సినిమాకు చెప్పినా చూసి, తప్పులు పట్టి తిడతారు.

భ్రమరాంబ గారు నాకు ఊపిరి ఎక్కడ పట్టాలో, ఎక్కడ వదలాలో నేర్పారు. అన్నం పెట్టే విద్య అది. కానీ నేను రోజూ వెంట తెచ్చుకునేది మాత్రం చెక్‌పోస్ట్ దగ్గర కారులో ఆవిడ అన్న మాట. అంతకుముందు ధైర్యవంతులకు భయం ఉండదనుకునేదాన్ని. భయం పోయాక వెళ్దామని ఎన్నిటినో వాయిదా వేసేదాన్ని. భయంగా ఉందని చెప్పడం వేరు, రాననడం వేరు అని ఆ రోజే నాకు తెలిసింది. ఈ మధ్య నాకు మళ్ళీ ఎడమ పక్క కాస్త బరువుగా ఉంటోంది. ఏమీ కాకపోవచ్చు. వచ్చే సోమవారానికి స్కాన్ రాయించుకున్నాను. భయంగానే ఉంది. వెళ్తున్నాను.